తెలుగునాట రాక్ సంగీతం

రాక్ సంగీతం 1950వ దశకంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రూపుదిద్దుకొన్న ఒక జనరంజక సంగీత సంప్రదాయం. విద్యుత్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్స్ దీని ప్రధాన వాద్యాలు. ముగ్గురు నలుగురు కలసి ఒక బృందంగా ఏర్పడి, తమ పాటలను తామే వ్రాసుకొని, తామే బాణీ కట్టుకొని, తామే వాయిస్తూ పాడుకోవడం దీని ముఖ్య లక్షణం. మొదట్లో దీనిని "రాక్ అండ్ రోల్" అనేవారు. 1960వ దశకం మధ్య నుండి "రాక్" అనే పొట్టి పేరు స్థిరపడింది.

తెలుగు దేశానికి ఈ సంగీతం ఒక్కసారిగా, మొత్తంగా రాలేదు. దాని గిటారు, దాని దరువు సినిమా పాట ద్వారా వచ్చాయి. అమెరికా, ఇంగ్లండులలో రాక్ వినిపించిన ధిక్కార స్వరాన్ని తెలుగులో అప్పటికే బుర్రకథ, ఆ తరువాత డప్పుపాట వినిపిస్తున్నాయి. సొంత పాటలు కట్టుకొని పాడే బృందం మాత్రం చాలా ఆలస్యంగా, 21వ శతాబ్దంలో గాని నిలదొక్కుకోలేదు. ఈ వ్యాసంలో ముందుగా రాక్ పుట్టుక, పరిణామం, తరువాత తెలుగునాట దాని జాడలు వివరించబడ్డాయి. "రాక్ సంగీత పరిణామం" అనే అంశాన్ని పాఠశాల ప్రాజెక్టుగా తీసుకొన్న విద్యార్థులు, ప్రకాశం జిల్లా సింగరాయకొండ వంటి ఊరిలో ఉన్నవారైనా, తమ చుట్టుపక్కలనే పరిశీలించదగిన సంగతులు చివరి విభాగంలో ఉన్నాయి.

పుట్టుక

రాక్ సంగీతానికి తల్లివేరు బ్లూస్. బ్లూస్ పుట్టిన చోటు పత్తి చేలు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రపు వాయవ్య భాగంలో, మిసిసిపీ, యాజూ నదుల నడుమ ఉన్న ఒండ్రునేలను అక్కడివారు "డెల్టా" అంటారు. (ఇది మన కృష్ణా, గోదావరి డెల్టాల వలె నది సముద్రంలో కలిసే చోటు కాదు.) ఇక్కడి పత్తి సాగు ఆఫ్రికా సంతతి బానిసల శ్రమ మీద నడిచింది. 1865లో బానిసత్వం చట్టరీత్యా రద్దయినా, నల్లజాతి కుటుంబాలు పంటలో పాలుకు సేద్యం చేస్తూ, తీరని అప్పులతో అవే చేలలో మిగిలిపోయాయి. పనిలో అలుపు తెలియకుండా ఒకరు పాట ఎత్తుకొంటే మిగిలినవారు దానికి బదులు పలికేవారు. ఈ పని పాటల నుండి, ఒంటరిగా పాడుకొనే దుఃఖపు పాటల నుండి 19వ శతాబ్దం చివరలో బ్లూస్ ఏర్పడింది. చార్లీ పాటన్, రాబర్ట్ జాన్సన్ (1911-1938) తొలితరం డెల్టా బ్లూస్ గాయకులలో ప్రసిద్ధులు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల చేలలో పత్తి తీసే కూలీలు, మిరపకాయలు కోసే కూలీలు, నాట్లు వేసే ఆడవారు పాడుకొనే పాటలలో కూడా ఒకరు చెప్పగా మిగిలినవారు అందుకొనే పద్ధతి ఉంది. అంతమాత్రాన ఈ రెండింటికీ చుట్టరికం ఉన్నదనరాదు. గుంపుగా చేసే పని ఏ దేశంలోనైనా ఇటువంటి పాటనే పుట్టిస్తుంది. కాని ఈ ప్రాంతపు విద్యార్థికి బ్లూస్ నేపథ్యం అర్థం కావడానికి ఈ పోలిక ఎంతో ఉపయోగపడుతుంది.

రాక్‌కు రెండవ మూలం చర్చి. నల్లజాతివారి ప్రార్థనా మందిరాలలో చప్పట్లతో, బిగ్గరగా, ఊగుతూ పాడే గాస్పెల్ పాటలు ఎందరో రాక్ గాయకులకు తొలిబడి. సిస్టర్ రోసెట్టా థార్ప్ (1915-1973) అనే గాస్పెల్ గాయని 1930, 40వ దశకాలలోనే విద్యుత్ గిటారును ఉపయోగించి దైవగీతాలు పాడారు. ఆమె వాయించిన తీరును తరువాతి గిటారు వాద్యకారులు చాలామంది అనుసరించారు. రాక్ చరిత్ర వ్రాసేటపుడు ఆమె పేరు తరచు మరుగున పడిపోతూ ఉంటుంది. మూడవ మూలం, తెల్లజాతి గ్రామీణుల కంట్రీ సంగీతం.

స్వరము, లయ

కర్ణాటక సంగీతంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవారికి రాక్ వ్యాకరణం కష్టమైనది కాదు. బ్లూస్, రాక్ గిటారులో అత్యధికంగా వినిపించే ఐదు స్వరాల వరుస షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. ఇవి మన శుద్ధ ధన్యాసి రాగపు స్వరాలే. కంట్రీ వైపు మొగ్గిన పాటలలో వినిపించే మరొక ఐదు స్వరాల వరుస మోహన రాగపు స్వరాలతో సరిపోతుంది. స్వరాలు సరిపోయినా రాగం సరిపోదు. రాగానికి ఉండే సంచారాలు, గమకాలు వేరు. అయితే బ్లూస్‌లో "నీలి స్వరాలు" అనేవి ఉన్నాయి. సాధారణ గాంధారానికి, అంతర గాంధారానికి మధ్య ఎక్కడో నిలిచేటట్లు తీగను లాగి పలికిస్తారు. వీణలో తీగను ప్రక్కకు లాగి గమకం పలికించడం ఎరిగినవారికి ఈ పని తెలిసినదే.

బ్లూస్ పాట చట్రంలో పన్నెండు ఆవర్తాలు ఉంటాయి. ఒక్కొక్క ఆవర్తానికి నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు ఆవర్తాలు షడ్జమాన్ని, తరువాత రెండు మధ్యమాన్ని, రెండు తిరిగి షడ్జమాన్ని ఆధారం చేసుకొని నడుస్తాయి. ఆపైన ఒకటి పంచమం, ఒకటి మధ్యమం, చివరి రెండూ షడ్జమం. తొలినాటి రాక్ అండ్ రోల్ పాటలు ఎక్కువభాగం ఈ చట్రంలోనే ఉన్నాయి. ఇక లయ విషయానికి వస్తే, నాలుగు దెబ్బలలో మొదటిదానికి బలం ఇవ్వడం సాధారణం. రాక్‌లో రెండవ, నాలుగవ దెబ్బలను డ్రమ్ముపై గట్టిగా వాయిస్తారు. ఏ పాట విన్నా "ఇది రాక్" అని చెవికి తట్టేది ముందుగా ఈ దెబ్బ వల్లనే.

విద్యుత్ గిటారు

రాక్ సంగీతాన్ని కొత్త సంగీతంగా చేసినది విద్యుత్తు. మామూలు గిటారులో తీగ కంపనాన్ని బోలుగా ఉన్న కర్రపెట్టె పెద్దది చేస్తుంది. విద్యుత్ గిటారులో తీగల క్రింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఉక్కు తీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్ ప్రవాహం పుడుతుంది. దానిని ఆంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. పదవ తరగతి భౌతికశాస్త్రంలో చెప్పే విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే.

ఈ పద్ధతి 1930వ దశకం మొదట్లో హవాయి గిటారుకు అమర్చబడింది. గట్టి చెక్కతో చేసిన ఫెండర్ గిటార్లు 1950లోను, గిబ్సన్ లెస్ పాల్ 1952లోను, ఫెండర్ స్ట్రాటోకాస్టర్ 1954లోను బజారుకు వచ్చాయి. ఆంప్లిఫయరుకు దాని శక్తికి మించిన సంకేతం ఇస్తే శబ్దం చిట్లి, గరగరమంటుంది. ఇంజనీర్లు దోషంగా భావించిన ఈ గరగరను రాక్ వాద్యకారులు కావాలని వాడుకొన్నారు. మడ్డీ వాటర్స్ అనే గాయకుడు 1943లో మిసిసిపీ పత్తి చేలను వదలి షికాగో చేరుకొన్నారు. అక్కడి రద్దీ మద్యశాలల గోలలో వినబడటానికి ఆయన విద్యుత్ గిటారు పట్టవలసి వచ్చింది. పల్లె బ్లూస్ పట్టణపు బ్లూస్ అయిన తీరు ఇది.

పరిణామం

1951లో జాకీ బ్రెన్‌స్టన్ పేరుతో విడుదలైన "రాకెట్ 88"ను కొందరు మొట్టమొదటి రాక్ అండ్ రోల్ రికార్డుగా పేర్కొంటారు. దీనిపై ఏకాభిప్రాయం లేదు. బిల్ హేలీ పాడిన "రాక్ అరౌండ్ ది క్లాక్" 1955లో ఒక సినిమాలో వినిపించి దేశమంతటా మారుమ్రోగింది. చక్ బెర్రీ (1926-2017) గిటారు వాయించే తీరును, పడుచువారి బడి, కారు, ప్రేమల గురించి పాట వ్రాసే తీరును స్థిరపరచారు. లిటిల్ రిచర్డ్ (1932-2020) చర్చి గొంతును పియానో దరువుకు జోడించారు. తెల్లజాతి యువకుడు ఎల్విస్ ప్రెస్లీ (1935-1977) 1954లో మెంఫిస్ నగరంలోని సన్ స్టూడియోలో తొలి రికార్డులు చేసి, రెండేళ్ళలో దేశంలోకెల్లా పేరున్న గాయకుడయ్యారు.

ఈ దశలోని ఒక అన్యాయాన్ని దాటవేయరాదు. "హౌండ్ డాగ్" అనే పాటను మొదట పాడినది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని. ఆమె రికార్డు 1953లో విడుదలై మంచి ఆదరణ పొందింది. 1956లో అదే పాటను ఎల్విస్ పాడగా దానికి ఎన్నో రెట్లు డబ్బు, పేరు వచ్చాయి; థార్న్‌టన్‌కు దక్కింది అత్యల్పం. నల్లజాతివారు కట్టిన సంగీతానికి తెల్లజాతి గాయకులు ముఖచిత్రాలైన ఇటువంటి ఉదంతాలు ఆ కాలంలో అనేకం.

1960వ దశకంలో రాక్ కేంద్రం కొంతకాలం ఇంగ్లండుకు మారింది. లివర్‌పూల్ రేవుపట్టణానికి చెందిన బీటిల్స్ బృందం 1964 ఫిబ్రవరిలో అమెరికా టెలివిజన్‌లో పాడినపుడు సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారని అంచనా. సొంత పాటలు తామే వ్రాసుకొనే బృందం అనే పద్ధతికి బీటిల్స్ వల్లనే ప్రపంచమంతటా గౌరవం వచ్చింది. బాబ్ డిలన్ 1965లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో విద్యుత్ గిటారుతో పాడగా శ్రోతలలో కొందరు అరచి గోలచేశారు. జానపద గీతపు సాహిత్య బలం, రాక్ దరువు అప్పటి నుండి కలసి నడిచాయి. 2016లో డిలన్‌కు నోబెల్ సాహిత్య బహుమతి లభించింది.

అదే 1965లో బీటిల్స్ సభ్యుడు జార్జ్ హారిసన్ ఒక పాటలో సితారు వాయించారు. తరువాతి సంవత్సరం నుండి ఆయన పండిట్ రవిశంకర్ వద్ద శిష్యరికం చేశారు. రవిశంకర్ 1967లో మాంటెరీ, 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవాలలో కచేరీలు చేశారు. శాస్త్రీయ సంగీతాన్ని మత్తుమందులతో ముడిపెట్టి వినడం ఆయనకు నచ్చలేదు. ఆ మాట బాహాటంగానే చెప్పారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ కాందిశీకుల కోసం వీరిద్దరూ ఏర్పాటు చేసిన కచేరీ, రాక్ కళాకారులు సహాయార్థం చేసిన పెద్ద కార్యక్రమాలలో మొదటిది.

ఆ తరువాత రాక్ అనేక శాఖలుగా చీలిపోయింది. 1970లో బ్లాక్ సబ్బాత్ బృందంతో హెవీ మెటల్ రూపం దాల్చింది. పింక్ ఫ్లాయిడ్ వంటి బృందాలు సుదీర్ఘమైన, సంక్లిష్టమైన రచనలు చేశాయి. దీనికి విరుగుడుగా 1976-77లలో పంక్ వచ్చింది. మూడు స్వరమేళాలు తెలిస్తే చాలు, ఎవరైనా బృందం పెట్టవచ్చునన్నది వారి వాదం. 1981లో ఎంటీవీ మొదలై, పాట చూసేదిగా కూడా మారింది. 1991లో నిర్వాణా బృందం "నెవర్‌మైండ్" ఆల్బమ్‌తో మళ్ళీ ముతక గిటారు శబ్దాన్ని ముందుకు తెచ్చింది. 21వ శతాబ్దంలో ర్యాప్, హిప్‌హాప్‌ల జోరుకు అమెరికాలో రాక్ వెనుకబడింది.

భారతదేశానికి రాక

1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి.కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను దాదాపు లేకుండా చేశారు. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్ళారు. ఆ కేంద్రం నుండి హిందీ పాటలే కాక తెలుగు పాటలు, ఇంగ్లీషు పాటలు కూడా వచ్చేవి. శాస్త్రీయ సంగీతాన్ని కాపాడాలని చేసిన పని ఈ విధంగా పాశ్చాత్య పాటకు దారి ఇచ్చింది. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమై ఆకాశవాణి తన శ్రోతలను కొంతవరకు తిరిగి తెచ్చుకొంది.

నగరాలలో ఇంగ్లీషు పాటలు పాడే బృందాలు 1960వ దశకంలో బయలుదేరాయి. 1970, 71లలో "సిమ్లా బీట్" పోటీలలో పాల్గొన్న బృందాల పాటలు రికార్డులుగా వచ్చాయి. దేశభాషలో సొంత పాటలు పాడిన తొలి బృందాలలో కలకత్తాకు చెందిన "మొహీనేర్ ఘోరాగులి" ముఖ్యమైనది. ఇది 1975లో ఏర్పడింది. దాని సారథి గౌతమ్ చటోపాధ్యాయ్ అంతకు ముందు నక్సలైటు ఉద్యమంలో పాల్గొన్నవారు. ఈ సంగతి తెలుగు పరిస్థితితో పోల్చి చూడదగినది.

తెలుగులో ధిక్కార గీతం

బెంగాల్‌లో ఆ ఉద్యమం నుండి వచ్చిన ఒక యువకుడు గిటారు పట్టుకొంటే, తెలుగునాట అదే కాలంలో అదే ఉద్యమం డప్పు పట్టుకొంది. 1972లో ఏర్పడిన జననాట్యమండలి గొంగళి, గోచీ, కాలిగజ్జెలు, డప్పులతో పల్లెపాటల వరుసలలో రాజకీయ గీతాలు పాడింది. గద్దర్ (1949-2023), వంగపండు ప్రసాదరావు (1943-2020) దీనిలో ప్రధాన గాయకులు. 1979లో వచ్చిన "మా భూమి" సినిమాలో బండి యాదగిరి పాటను గద్దర్ తెరపై పాడారు.

ఈ ధోరణి కూడా కొత్తది కాదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ ప్రచారానికి మలచింది. బుర్రకథ బృందంలో ముగ్గురు ఉంటారు. తంబుర మీటుతూ, అందెలు మ్రోగిస్తూ కథ చెప్పే కథకుడు నడుమ నిలుస్తాడు. అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. తీగ వాద్యం, తాళ వాద్యం, గొంతు, అధికారంపై ఎత్తిపొడుపు అన్నీ ముగ్గురిలోనే ఉన్న ఈ ఏర్పాటును చూస్తే, రాక్ బృందం చేసే పని తెలుగు పల్లెలకు అపరిచితం కాదని తెలుస్తుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920-1997) బుర్రకథకు పితామహుడుగా పేరు పొందారు. 1986లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

తెలుగు యువకునికి తన కోపం పాడుకోవడానికి విద్యుత్ గిటారు అవసరం పడలేదు. తెలుగులో రాక్ బృందాలు ఆలస్యం కావడానికి ఇది ఒక కారణమని ఈ వ్యాస రచయిత అభిప్రాయం. మిగిలిన కారణాలు ఆర్థికమైనవి. రికార్డింగు సౌకర్యాలు మద్రాసు సినిమా పరిశ్రమ చేతిలో ఉండేవి. సినిమాకు బయట తెలుగు పాటకు ఉన్న చోటు ఆకాశవాణి లలిత సంగీతం. బాలాంత్రపు రజనీకాంతరావు (1920-2018) వంటివారు పెంచిన ఆ సంప్రదాయంలో కవి, స్వరకర్త, గాయకుడు తరచు వేరువేరు వ్యక్తులు. బృందానికి అందులో తావులేదు.

సినిమా పాటలో రాక్

హిందీలో 1957 నాటి "ఆశా" చిత్రానికి సి.రామచంద్ర కట్టిన బాణీ రాక్ అండ్ రోల్‌కు తొలి ప్రతిధ్వనులలో ఒకటి. 1965లో "జాన్వర్" చిత్రంలో శంకర్-జైకిషన్ బీటిల్స్ పాట వరుసనే వాడుకొన్నారు. తెలుగు సినిమాలో ఈ దరువు ఎక్కువగా క్లబ్బు పాటలకు పరిమితమయింది. 1971 నాటి "ప్రేమనగర్"లో కె.వి.మహదేవన్ సంగీతంలో ఎల్.ఆర్.ఈశ్వరి పాడిన పాట ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. కథలో నాయిక పద్యమో, మెలొడీయో పాడుతుంది. డ్రమ్స్, గిటారు మాత్రం మద్యం, పొగ, మెరిసే దుస్తులు ఉన్న సన్నివేశానికే. ఈ శబ్దం చెడుదారికి గుర్తు అన్న అభిప్రాయం ప్రేక్షకులలో చాలాకాలం నిలిచిపోవడానికి సినిమాయే కారణం.

నాజర్ పుట్టిన పొన్నెకల్లులోనే పుట్టిన చక్రవర్తి (1936-2002) 1970, 80వ దశకాలలో వందలాది చిత్రాలకు సంగీతం సమకూర్చారు. ఆయన చేతిలో డ్రమ్స్, గిటారు క్లబ్బు నుండి బయటపడి నాయకుని పాటకు వచ్చాయి. ఒకే ఊరు ఇటు బుర్రకథను, అటు మాస్ సినిమా దరువును ఇవ్వడం విశేషం. బప్పీలహరి "సింహాసనం" (1986), "గ్యాంగ్ లీడర్" (1991) చిత్రాలతో డిస్కో ఊపు తెచ్చారు. డిస్కో రాక్ కాదు, దానికి పోటీదారు. తెలుగు శ్రోతకు రెండూ ఒకే కట్టలో అందాయి కనుక తేడా అంతగా పట్టలేదు.

ఇళయరాజా గిటారును క్షుణ్ణంగా నేర్చినవారు. 1989లో వచ్చిన "గీతాంజలి", "శివ" చిత్రాల పాటలలో గిటారు, బేస్ గిటారు అలంకారం కోసం కాక పాటను నడిపించే వాద్యాలుగా వినిపిస్తాయి. ముఖ్యంగా ఆయన పాటలలోని బేస్ గిటారు వరుసను మాత్రమే వేరుగా వినడం మంచి చెవి సాధన. ఏ.ఆర్.రెహమాన్ సినిమాలకు రాకముందు మద్రాసులోని రాక్ బృందాలలో కీబోర్డు వాయించారు.

సినిమాకు బయట నుండి వచ్చి రాక్ శబ్దాన్ని తెలుగు సినిమాకు తెచ్చినవారు రమణ గోగుల. 1990వ దశకంలో "మిస్టీ రిథమ్స్" పేరుతో "ఆయే లైలా" అనే ఆల్బమ్ విడుదల చేశారు. ఆ తరువాత "ప్రేమంటే ఇదేరా" (1998), "తమ్ముడు" (1999), "బద్రి" (2000), "జానీ" (2003) చిత్రాలకు సంగీతం అందించారు. "తమ్ముడు"లో నాయకుడు బాక్సింగ్ సాధన చేసే సన్నివేశానికి పూర్తిగా ఇంగ్లీషు సాహిత్యంతో గిటారు పాట పెట్టారు. ఒక్క తెలుగు మాట లేని ఆ పాటను పల్లెటూళ్ళ కుర్రకారు కూడా కూనిరాగం తీశారు. సుమారు ఎనిమిదేళ్ళ తరువాత శేఖర్ కమ్ముల "హ్యాపీ డేస్" (2007)కు మిక్కీ జె మేయర్ ఇచ్చిన పాటలతో గిటారు తెలుగు కాలేజీ విద్యార్థి చేతికి సహజమైన వస్తువయింది.

మాండలిన్ శ్రీనివాస్

రాక్ వాద్యం తెలుగువాని చేతిలో మరొక దారిలో కూడా నడిచింది. పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతం వాయించారు. మాండలిన్ ఇటలీ వాద్యం. తెలుగువారు అప్పటివరకు దానిని సినిమా వాద్యబృందంలోనే విన్నారు. మామూలు మాండలిన్ నాదం క్షణంలో ఆగిపోతుంది, గమకం నిలవదు. విద్యుత్ గిటారు వలె అయస్కాంతాలు అమర్చి, తీగల సంఖ్యను తగ్గించుకొన్నందువల్ల ఆయనకు నిడివిగల నాదం, లాగి పలికించే వీలు దొరికాయి. తీగ వాద్యానికి విద్యుత్తు ఏమి ఇవ్వగలదో షికాగో బ్లూస్ వాద్యకారులు కనుగొన్నదానినే ఆయన త్యాగరాజ కృతికి ఉపయోగించారు.

పద్నాలుగేళ్ళ వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1995లో గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌తో కలసి "డ్రీమ్" ఆల్బమ్ చేశారు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించి జాజ్, రాక్‌లను కలిపిన జాన్ మెక్‌లాఫ్లిన్‌తో "రిమెంబర్ శక్తి" బృందంలో సమాన స్థానంలో వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకొన్నారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో మరణించారు.

తెలుగు బృందాలు

కేరళలో "అవియల్", కర్ణాటకలో రఘు దీక్షిత్ 2008 నాటికే తమ భాషలలో సొంత ఆల్బమ్‌లు తెచ్చారు. తెలుగులో ఇది ఇంటర్నెట్ వీడియోలు అందుబాటులోకి వచ్చిన తరువాత, 2010వ దశకంలో జరిగింది. హైదరాబాదుకు చెందిన "కాప్రిసియో" వేదికలపై తెలుగు పాటలను రాక్ వరుసలలో వినిపించి పేరు తెచ్చుకొంది. "చౌరస్తా" బృందం జానపద బాణీని రెగె, రాక్ లయలతో కలిపి సొంత పాటలు కట్టింది. నగరంలో ఇమడలేక ఊరికి వెళ్ళిపోతానంటూ సాగే వారి "ఊరెళ్ళిపోతా మామా" లక్షలాది శ్రోతలకు చేరింది. ఆ పాటలో బ్లూస్ నాటి వస్తువే ఉంది: పల్లె వదలి పట్నం చేరినవాని బెంగ. బృందంలో ప్రధాన గాయకునిగా ఉన్న రామ్ మిరియాల ఆ తరువాత సినిమా సంగీతానికి వెళ్ళారు. తెలుగు బృందాలకు ఇది పాత సమస్యే. పేరు రాగానే సినిమా పిలుస్తుంది, బృందం పలచబడుతుంది.

సింగరాయకొండలో ఒక ప్రాజెక్టు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలలలో నిర్మాణాత్మక మూల్యాంకనంలో భాగంగా విద్యార్థులు ప్రాజెక్టు పని చేస్తారు. రాక్ సంగీతంపై చేసే ప్రాజెక్టు సాధారణంగా ఎల్విస్, బీటిల్స్ బొమ్మలు అంటించిన చార్టుగా ముగుస్తుంది. ఇంటర్నెట్ సెంటరులో అచ్చువేయించిన పేజీలకు మార్కులు రావచ్చు గాని, అందులో విద్యార్థి విన్నది ఏమీ ఉండదు. ఊరిలోనే సేకరించదగిన సమాచారం చాలా ఉంది.

సింగరాయకొండ విజయవాడ-గూడూరు రైలుమార్గంపై, ఒంగోలు, కావలి పట్టణాల మధ్య ఉంది. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఇక్కడి ప్రసిద్ధ క్షేత్రం. మద్రాసు స్టూడియోలలో తయారైన పాట రేడియో, గ్రామఫోను, టూరింగ్ టాకీసు, క్యాసెట్టు ద్వారా ఇటువంటి ఊళ్ళకు చేరింది. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రాన్ని, రేడియో సిలోన్‌ను విన్నవారిని అడిగి, మొదటిసారి గిటారు ఏ పాటలో విన్నారో, అప్పుడు ఇంట్లో పెద్దలు ఏమన్నారో వ్రాసుకోవచ్చు. తిరునాళ్ళలో, పెళ్ళిళ్ళలో పాడే ఆర్కెస్ట్రా బృందాల వాద్యకారులు మరొక ఆధారం. డప్పు, తాషా వాయించినవారి ఇళ్ళలో తరువాతి తరం రిథమ్ ప్యాడ్‌కు, డ్రమ్స్‌కు మారిందా అని ప్రత్యేకంగా అడగాలి.

చర్చి సంగీతం ఈ జిల్లాలో తప్పక చూడవలసినది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చారు. 1876-78 కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కంట్రాక్టు తీసుకొని వేలమందికి పని కల్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీరిలో అత్యధికులు మాదిగలు, అంటే తరతరాలుగా డప్పు వాయించినవారు. అమెరికాలో గాస్పెల్‌ను పెంచిన చర్చి శాఖలలో బాప్టిస్టులు ముఖ్యులు కనుక, ఒకే మతశాఖ రెండు దేశాలలో రెండు రకాల పాటకు నీడనిచ్చిందని చెప్పవచ్చు. ఇక్కడ మాత్రం అమెరికా కీర్తన ఉన్నదున్నట్లు నిలవలేదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారు దేశి రాగాలలో వ్రాసిన క్రైస్తవ కీర్తనలు తెలుగు చర్చిలో స్థిరపడ్డాయి. తరువాతి కాలంలో గిటారు, కీబోర్డు, డ్రమ్స్ వాటికి తోడయ్యాయి. ఒకే కీర్తనను వృద్ధులు పాడే తీరును, యువజన బృందం పాడే తీరును సెల్‌ఫోనులో రికార్డు చేసి పోల్చితే, రెండవ, నాలుగవ దెబ్బలకు బలం వచ్చిందా లేదా అన్నది విద్యార్థికే తెలుస్తుంది. ప్రార్థన సమయంలో రికార్డు చేయడానికి పాస్టరుగారి అనుమతి తీసుకోవాలి.

చేలలో పాడే పాటలు సేకరించేటపుడు పాడినవారి పేరు, ఊరు, ఎవరి వద్ద నేర్చుకొన్నదీ పాట ప్రక్కనే వ్రాయాలి. వారు వద్దంటే పేరు వ్రాయరాదు. పత్తి తీతకు, మిరప కోతకు చలికాలం నుండి వేసవి మొదటి వరకు కూలీలు గుంపులుగా వెళతారు కాబట్టి సేకరణకు ఆ నెలలు అనువైనవి. ఇప్పుడు చాలా చేలలో పాటకు బదులు ఫోనులో సినిమా పాట మ్రోగుతూ ఉంటుంది. అదీ నమోదు చేయదగినదే: ఏ పాట, ఎవరు పెట్టారు, పనిచేసేవారు దానితో గొంతు కలిపారా లేదా.